చిన్నమ్మ మెడలో అమ్మ పగడాలు

నేను సముద్రాన్ని చూసేసరికి నా తల సగం నెరిసింది. పగడాన్ని మాత్రం కళ్లు తెరిచినప్పటి నుంచీ ఎరుగుదును. మా ఇబ్రహీంపట్నంలో నీళ్లంటే పెద్దచెరువు నీళ్లే. దాన్ని మించిన నీళ్లు ఎక్కడో ఉంటాయనీ, అవి నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉంటాయనీ ఎవరైనా చెబితే నవ్వేవాళ్లం. అయినా ఆ ఉప్పునీళ్ల వస్తువు మా వాడలో ప్రతి ముత్తైదువ మెడలోనూ ఉండేది. పుస్తెలకు అటొక పగడం, ఇటొక పగడం, ఆ పైన నల్లపూసలు. ముత్యం లేకపోతే సరిపెట్టుకునేవాళ్లు గానీ పగడం లేని పుస్తెలతాడును ఎవరూ తాడుగా లెక్కపెట్టేవాళ్లు కాదు.

అది ఏమిటో మాత్రం ఒక్కరికీ తెలియదు. రాయి అని కొందరనేవాళ్లు. సముద్రం అడుగున చెట్టుంటుందనీ, ఇది దాని కాయ అనీ ఇంకొందరు. మా పక్కింటామె అయితే ఎర్రమట్టి నేల లోపల మగ్గి మగ్గి పగడమవుతుందని చూసొచ్చినట్టు చెప్పేది. ఆమెకు తెలియనిది ఈ భూమ్మీద లేదు. తెలియని సంగతి మీద మా వాళ్లకు పట్టుదల ఎక్కువ. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. పగడం మనిషి లోపలి సంగతి బయటపెడుతుంది. ఒంట్లో బాగుంటే ఎర్రగా ఉంటుంది, బాగాలేకపోతే పాలిపోతుంది, మనసులో గోస ఉన్నా అంతే. జ్వరంతో పడుకున్న ఆడమనిషిని చూడడానికి వచ్చినవాళ్లు నుదుటి మీద చెయ్యి పెట్టకముందే మెడలోని తాడు పైకి లాగి చూసేవాళ్లు. హకీము నాడి చూస్తే మా వాళ్లు పగడం చూసేవాళ్లు, అంతే తేడా.

నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. రెండో కాన్పులో బిడ్డతో సహా పోయిందట. బాపు ఏడాది తిరగకుండానే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆమెది హయత్‌నగర్ వైపు ఒక పల్లె. నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. సవతితల్లి కథలు మీరు చాలా విని ఉంటారు, అలాంటిదేదో చెబుతానని చూస్తుంటే ఇక్కడే ఆగిపోవడం మంచిది. మా చిన్నమ్మ నన్ను కొట్టింది ఒకే ఒక్కసారి, అదీ చెరువు తూము అంచున కూర్చున్నందుకు. కొట్టి తనే ఏడ్చింది. ఆ ఏడుపు ఎంతకీ ఆపకపోతే చివరికి నేనే ఊరుకోబెట్టాను.

మా వైపు ఒక ఆచారముంది. రెండో పెళ్లివాడిని చేసుకున్న ఆమె మెడలో, పోయిన మొదటి భార్య పేరు మీద చిన్న వెండిబిళ్ల ఒకటి కడతారు. దాని మీద గోటితో గీసినట్టు ఒక ఆడమనిషి బొమ్మ ఉంటుంది. దాన్ని సవతమ్మ అనేవాళ్లం. కొత్త చీర కట్టుకోబోయే ముందు కొంగును ఆ బిళ్లకు తాకించాలి. పండుగనాడు మొదటి ముద్ద దానికి చూపించాకే తినాలి. చచ్చినా సవతి పోరు తప్పదన్నమాట, అని పక్కింటామె వేళాకోళం చేసేది. చిన్నమ్మ నవ్వేది కాదు. ఆమె మా అమ్మను ఎన్నడూ చూడలేదు. అయినా "అక్క" అనే చెప్పేది. అక్క కోసమని పూలు, అక్క కోసమని ముద్ద. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే ఉండేది.

మా ఇంట్లో బిళ్ల ఒక్కటే కాదు. అమ్మ పుస్తెలతాడులోని రెండు పగడాలను కూడా ఆ బిళ్లకు అటూ ఇటూ గుచ్చాలని మా అమ్మమ్మ, అంటే అమ్మను కన్నతల్లి, పట్టుబట్టింది. అవి తను బిడ్డ పెళ్లికి కొని పెట్టిన పగడాలు. బాపు సరేనన్నాడు. కాబట్టి చిన్నమ్మ మెడలో రెండు తాళ్లు ఉండేవి. పుస్తెలతాడులో తన పగడాలు రెండు, సన్నని పసుపుతాడుకు సవతమ్మతో పాటు అమ్మ పగడాలు రెండు.

అమ్మ ముఖం నాకు తెలియదు. ఫోటోలు తీయించుకునే రోజులు కావవి, మాకంత ముచ్చటా లేదు. అమ్మ అంటే నాకు ఆ రెండు పగడాలే. చిన్నమ్మ పక్కలో పడుకుని వాటిని గుప్పిట్లో పట్టుకుంటే గానీ నిద్ర వచ్చేది కాదు. తాడు లాగితే మెడ కోసుకుపోతుంది కదా, అయినా ఆమె ఏమీ అనేది కాదు, తనే జరిగి నా గుప్పిటకు మెడను దగ్గర పెట్టేది. పక్కలో చిన్నమ్మ, గుప్పిట్లో అమ్మ. ఇద్దరు తల్లులున్న పిల్లను నేనొక్కదాన్నేనని వాడలో పిల్లల ముందు గొప్పలు పోయేదాన్ని.

శుక్రవారం శుక్రవారం చిన్నమ్మకు ఒక పని ఉండేది. తలకు పోసుకుని, ఇత్తడి చెంబులు తోమిన తర్వాత, కొబ్బరిచిప్పలో నానబెట్టిన చింతపండు ముందు పెట్టుకుని నీళ్ల గోలెం పక్కన కూర్చునేది. మా చేను గట్టున చింతచెట్లుండేవి, చింతపండుకు ఇంట్లో కరువు లేదు. పసుపుతాడు తీసి ఒడిలో పెట్టుకుని, సవతమ్మ బిళ్లను ఆ గుజ్జుతో తళతళలాడేదాకా తోమేది. ఆ తర్వాత అమ్మ పగడాలు. వాటినీ అదే గుజ్జులో వేళ్ల మధ్య తిప్పి తిప్పి రుద్దేది. కడిగి, కొంగుతో తుడిచి, కళ్లకద్దుకుని కట్టుకునేది. పుస్తెలను మాత్రం రవికెలోకి తోసేసి వాటి జోలికే పోయేది కాదు. నేను ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. అమ్మకు స్నానం పోస్తున్నట్టు ఉండేది నాకు.

ఇక అమ్మమ్మ. ఆమెది తుర్కయాంజాల్. పెద్ద దూరమేమీ కాదు, అయినా కచ్చరం కట్టించుకునే వచ్చేది. కచ్చరమంటే పైన కప్పున్న ఎడ్లబండి. ఆమె గొంతు బండి వాకిట్లో ఆగకముందే ఇంట్లోకి వచ్చేది. మనసులో ఒకటి, నోట్లో ఒకటి ఉండే మనిషి కాదు, మనసులో ఉన్నదంతా నోట్లోనే ఉండేది. యేటా పెత్తరమాసకు, అంటే పోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చే భాద్రపద అమావాస్యకు, తన బిడ్డ కోసమని వచ్చేది. కాళ్లు కడుక్కుని కూర్చోగానే మొదట అడిగేది ఆ పగడాలనే. చిన్నమ్మ వచ్చి ముందు కూర్చుంటే తాడు చేతిలోకి తీసుకుని, వెలుతురుకు తిప్పి చూసి, "మంచిగున్నది నా బిడ్డె" అనేది. ఆ తర్వాతే మంచినీళ్లు ముట్టేది.

పోయిన బిడ్డ స్థానంలో వచ్చినామె ఆ తల్లికి బిడ్డే అవుతుందని మా వైపు మాట. చిన్నమ్మ ఆ మాటను పట్టుకుని ఆమెను "అమ్మా" అని పిలిచేది. అమ్మమ్మ పలికేది కాదు. చెప్పాల్సిందేదైనా ఉంటే నాతో చెప్పేది. చిన్నమ్మ ఎదురుగానే నిలబడి ఉన్నా, "ఓ పోరీ, మీ చిన్నమ్మను చెంబెడు నీళ్లు తెమ్మను" అనేది. నేను అదే మాట మళ్లీ చెప్పేదాన్ని. చెవిటివాళ్ల మధ్య దుబాసీ ఉద్యోగం నాది.

నేను చెబుతున్న యేడు నాకు తొమ్మిదేళ్లుంటాయి. రజాకార్ల గొడవలు ఇంకా మొదలుకాలేదు. రైతులు సర్కారుకు తప్పకుండా కొలవాల్సిన లెవీ ధాన్యం కోసం మనుషులు ఊళ్లు తిరుగుతుండేవాళ్లు. బాపు వాళ్లతో గింజల తగాదాల్లో పడి ఇంటి పట్టున ఉండేవాడు కాదు. ఆ వానాకాలంలోనే పగడాలు చేతికి గరుగ్గా తగలడం నాకు తెలిసింది. అంతకుముందు సబ్బుముక్కలా జారేవి. అమ్మకు వయసు మీద పడుతోంది కాబోలు అనుకున్నాను. రోజూ చూసే కంటికి మార్పు తెలియదంటారు. చిన్నమ్మకు మాత్రం తెలిసినట్టుంది. కొంగు మెడ నిండా కప్పుకోవడం మొదలుపెట్టింది, శుక్రవారాల్లో చింతపండు ఇంకా ఎక్కువ నానబెట్టేది, ఇంకా ఎక్కువసేపు తోమేది. మచ్చ పోవడం లేదే అని నాకు వినబడేటట్టే గొణుక్కునేది.

పెత్తరమాస ఆ యేడు గురువారం వచ్చింది. అమ్మమ్మ పొద్దున్నే దిగి, కాళ్లు కడుక్కుని, నాతో అంది.

"ఓ పోరీ, మీ చిన్నమ్మను గిటు రమ్మను. నా బిడ్డెను చూసుకోవాలె."

చిన్నమ్మ వచ్చి కూర్చుంది. కొంగు తీయడానికి తటపటాయించింది. అమ్మమ్మే కొంగు లాగి తాడు పట్టుకుంది. వెలుతురుకు ఒకసారి తిప్పి చూసింది, మళ్లీ తిప్పి చూసింది.

"గిదేంది?" అంది చివరికి. ఆ రెండు పగడాలు సున్నం పూసినట్టు తెల్లగా, జీవం లేకుండా ఉన్నాయి. అమ్మమ్మ రెండో చేత్తో పుస్తెలతాడు కూడా బయటికి లాగింది. చిన్నమ్మ పగడాలు పండుమిరపకాయల్లా నిగనిగలాడుతున్నాయి. "నీయేమో గిట్ల మెరువవట్టె. నా బిడ్డెయి గిట్ల తెల్లగైనయ్. ఏం జేసినవే దాన్ని?"

ఆ యేడు దుబాసీ అవసరం రాలేదు.

"నేనేం జెయ్యలే అమ్మా" అంది చిన్నమ్మ.

"జెయ్యకుంటే గిట్లెట్లయితయ్? మీ ఇంట్ల నా బిడ్డెకు కడుపు నిండుతలేదు. అది గోస పడుతున్నది."

"ముద్ద ఎన్నడు తప్పలే అమ్మా. పండుగకే గాదు, దినాం జూపిస్త."

"జూపిస్తె అయితదా? మనసుండాలె."

చిన్నమ్మ తల వంచి పగడాల వైపు చూసుకుంది. అవి కళ్ల ముందే తెల్లగా ఉన్నాయి. అంతకంటే పెద్ద కష్టం, ఆమె కూడా ఆ మాటే నమ్మింది. అక్కకు తన మీద కోపమొచ్చిందని, ఎందుకొచ్చిందో తెలియదని నిజంగానే అనుకుంది. నాకది ఆమె ముఖంలో కనబడింది.

మధ్యాహ్నం బాపు వచ్చాడు. అమ్మమ్మ ఆయనను గుమ్మంలోనే ఆపింది.

"అల్లుడా, పోరిని నేను తోల్కపోత. పగడాలు గూడ నాకిచ్చెయ్యి. తల్లే తెల్లబడ్డ ఇంట్ల బిడ్డెను ఉంచ."

"కొన్నొద్దులకైతే తోల్కపో, ఏం ఫికర్ లేదు" అన్నాడు బాపు.

"కొన్నొద్దులకు గాదు. పెండ్లి జేసి పంపేదాంక నా తాన్నే ఉంటది."

మా బాపు మంచివాడే. మంచివాళ్లతో వచ్చిన చిక్కే అది, ఎదుటివాళ్లు గొంతు పెంచితే న్యాయం అటే ఉందనుకుంటారు. తలపాగ తీసి మోకాలి మీద పెట్టుకుని, "పెద్దమనిషివి, నీ ఇష్టం" అన్నాడు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. నన్నెవరూ అడగలేదు. అడిగితే పోనని చెప్పేదాన్ని. అమ్మమ్మ మీద నాకు ఇష్టం లేకపోలేదు, కానీ ఆమె ఇంట్లో నేను ఎవరి పక్కన పడుకోవాలి? ఆ ఒక్క ప్రశ్న తప్ప నాకింకేమీ తోచలేదు.

అప్పుడు చిన్నమ్మ అంది, "పగడాలు తీస్కపో అమ్మా. బిళ్ల గూడ తీస్కపో. పోరిని ఇడిసిపెట్టు."

"రెండు నాయే" అంది అమ్మమ్మ.

ఆ సాయంత్రమే పూల పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ. ఏడుస్తూనే గునుగు పూలు, తంగేడు పూలు పేర్చాం. పండుగ ఆపడానికి లేదు. వంగి చప్పట్లు కొట్టే ఆటలో కొంగు ఎంతసేపు నిలుస్తుంది? జారింది, పక్కింటామె చూసింది. పాట ఒక చుట్టు తిరిగేలోపు కబురు రెండు చుట్లు తిరిగింది. ఆ తర్వాత ఎవరూ చిన్నమ్మ పక్కన నిలబడడానికి ఎగబడలేదు.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం ఆడపిల్లను ఇల్లు దాటించరు, లక్ష్మి పోతుందంటారు. అమ్మమ్మకు ఎంత కోపమున్నా ఆ కట్టు తప్పే మనిషి కాదు. దాంతో ఆ రోజంతా మా ఇంట్లోనే ఉండిపోవలసి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నట్టు వసారాలో మంచం మీద కూర్చుంది. అలాంటి నోరున్న మనిషికి అది ఒక్కపొద్దు కంటే కష్టం.

చిన్నమ్మ తలకు పోసుకుని, చెంబులు తోమి, ఎప్పటిలాగే కొబ్బరిచిప్ప ముందు పెట్టుకుని గోలెం దగ్గర కూర్చుంది. రేపు ఇచ్చేయాలి కదా, కాస్త ఎర్రబడితే బాగుండునని ఆశ కాబోలు, ఆ రోజు రుద్దినంత గట్టిగా ఎన్నడూ రుద్దలేదు. కన్నీళ్లు ఒకవైపు, చింతపండు ఒకవైపు. చిప్పలో సన్నని నురుగు లేచి, గుజ్జు మీద తెల్లగా తేలింది.

అమ్మమ్మ మంచం దిగి వచ్చింది. చిప్పలోకి తొంగి చూసి, వేలు ముంచి నాలుక్కి రాసుకుంది.

"గిదేంది?"

"చింతపండు అమ్మా."

"ఎప్పటిసంది తోముతున్నవ్?"

"వచ్చినకాంచి. శుక్రారం శుక్రారం. మచ్చ పడ్డదని ఈ యేడు ఇంకింత ఎక్కువ."

అమ్మమ్మ మళ్లీ పోయి మంచం మీద కూర్చుంది. చిన్నమ్మ పని ముగించి లోపలికి పోయాక నాతో మెల్లగా అంది, "ఓ పోరీ, గా చిప్ప పారబొయ్యకు. నా మంచం కిందికి తే." తెచ్చి పెట్టాను. ఆమె ఎడమచేతి వేలికి పగడం పొదిగిన వెండి ఉంగరముండేది, మోకాళ్ల నొప్పులకని ఎవరో చెబితే పెట్టుకుంది. దాన్ని కష్టపడి ఊడదీసి చిప్పలో వేసింది. ఉంగరం వెండి నల్లబడి ఉంది కదా, మెరుగు పెట్టుకుంటోంది అనుకున్నాను. నాకు ఆ రోజు ఉంగరాల మీద ధ్యాస లేదు.

శనివారం పొద్దున్నే కచ్చరం కట్టారు. చిన్నమ్మ నాకు తల దువ్వింది. తుర్కయాంజాల్ దాకా ఊడకూడదన్నట్టు జడ బిగించి అల్లింది. నా లంగాలు, రవికెలు మూట కట్టింది. ఆ తర్వాత మెడలోంచి పసుపుతాడు తీసి, ఇత్తడి పళ్లెంలో పసుపు కుంకుమల మధ్య పెట్టి అరుగు మీద ఉంచింది. తాడు తీసిన చోట మెడ మీద సన్నని గీత ఉంది, నేను లాగి లాగి పడ్డ గీత. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు. పోను అని అరిచాను. బాపు ఎడ్ల దగ్గర నిలబడి గిట్టలు చూస్తున్నాడు.

అమ్మమ్మ లోపలి నుంచి వచ్చింది. తడి చేతిలో ఉంగరముంది.

"ఓ పోరీ, ఏడ్చుడు ఆపి గిటు సూడు. మొన్న గిది ఎట్లుండె?"

"ఎర్రగుండె."

"ఇప్పుడు?"

ఉంగరంలోని పగడం తెల్లగా, బూడిద రాసినట్టు ఉంది. అమ్మమ్మ దాన్ని తీసుకెళ్లి పళ్లెంలో అమ్మ పగడాల పక్కన పెట్టింది. మూడూ ఒక్కలాగే ఉన్నాయి.

చిన్నమ్మ పళ్లెంలోకి చూసి బెదిరిపోయింది. "అమ్మా, నీ పాణం మంచిగలేదా?" అని అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. పగడం తెల్లబడితే మనిషికి బాగాలేదనే కదా అర్థం! బండివాడి వైపు తిరిగి, బండి హకీము దగ్గరికి పోనియ్యమని కూడా అంది.

అమ్మమ్మ కోపమంతా అప్పుడు బయటపడింది. "నా పాణానికేం గాలె! నీ చింతపండు తగలబెట్ట! బుద్ధున్నదా బిడ్డా నీకు? పగడాన్ని ఎవరన్న పులుసుల పెడ్తరా?"

ఆ 'బిడ్డా' నాకు వినబడింది, బాపుకు వినబడింది. అన్నామెకు మాత్రం వినబడినట్టు లేదు. అరుస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగి, చిన్నమ్మ పుస్తెలతాడును వేలితో పైకెత్తింది.

"మరి గివి ఎర్రగెట్లున్నయ్? నీయెందుకు తోమలే?"

"నాయేమున్నది అమ్మా, చెమట పట్టేటియి. ఎట్లున్నా అయితది" అంది చిన్నమ్మ. "గవి అక్కయి గదా అని..."

అమ్మమ్మ గడప మీద కూర్చుండిపోయింది. గడప మీద కూర్చుంటే మా వీపులు పగలగొట్టే మనిషి. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపటికో ముక్కు చీది, కొంగు తీయకుండానే బండివాడితో, "ఎడ్లను ఇప్పు, మేత ఎయ్యి" అంది. పళ్లెంలోని పసుపుతాడును తనే తీసి చిన్నమ్మ మెడలో కట్టింది. నా మూట మూడు రోజుల దాకా ఎవరూ విప్పలేదు, చిన్నమ్మకు నమ్మకం కుదరలేదు కాబోలు.

ఆ పగడాలకు నువ్వులనూనె రాయమంది అమ్మమ్మ. రాశాం. కాస్త గులాబీరంగు వచ్చింది గానీ మునుపటి ఎరుపు మళ్లీ రాలేదు. బాపు లెవీ పని మీద పట్నం పోతూ ఉంగరాన్ని సాన పట్టించడానికి తీసుకెళ్లాడు. పగడాలు కూడా ఇమ్మంటే చిన్నమ్మ ఇవ్వలేదు. సాన పడితే పైపొర అరిగిపోతుంది కదా, అక్కది ఇప్పటికే తను కొంత పోగొట్టింది, ఇంకింత పోగొట్టనంది.

పట్నంలో పూసలమ్మే ముసలాయన చెప్పిన సంగతులు బాపు అన్నం తింటూ మాకు చెప్పాడు. "గిది రాయి గాదంట, చెట్టు గాదంట. దరియాల, గదే సముద్రంల, పురుగులుంటయంట. మస్తుగ, లెక్కలేనన్ని, ఒక్కతాన్నే అతుక్కొని బతుకుతయంట. ఒక్కదానికి మేత దొరికితె అన్నిటి కడుపుల పడ్తదంట. సచ్చినయ్ అడుగుకు పోతె, బతికున్నయ్ వాటి మీదనే ఇల్లు కట్టుకుంటయంట. మనం మెడల ఏసుకునేది గా ఇల్లే."

చిన్నమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని సవతమ్మకు చూపించి తను తింది.

పురుగుల కథ వాడంతా పాకింది. పుస్తెల్లో పురుగుల ఇళ్లేమిటని ఆడవాళ్లు ముక్కుమీద వేలేసుకున్నారు. పక్కింటామె ఎర్రమట్టి కథను ఒక్కరోజులో మార్చేసి, పురుగుల సంగతి తనకు ముందే తెలుసంది. తాడు తీసేయాలా అని కొందరు నిజంగానే భయపడ్డారు. "దేవుని ముంగట ఊదే శంఖం గూడ పురుగు ఇల్లే గద, దాన్ని పారేస్తరా?" అని చిన్నమ్మ అడిగింది. దాంతో ఆ గొడవ సద్దుమణిగింది.

చాలా ఏళ్లకు, నేను సముద్రం చూసిన ప్రయాణంలోనే, విశాఖపట్నంలో ఒక గాజుతొట్టి చూశాను. అందులో ఒక రాతి మీద చొక్కా గుండీలంత పూలు కిక్కిరిసి ఉన్నాయి. ఆకుపచ్చ అంచు, నారింజరంగు మధ్యభాగం, చుట్టూ వెంట్రుకల్లాంటి రేకులు. పూలు కావు, ప్రాణులేనట. మధ్యలో ఉన్నది నోరట. పగడానికి దగ్గరి చుట్టాలేనట గానీ పగడంలా గట్టి ఇల్లు కట్టుకోవట. అక్కడి మనిషి సన్నని పుల్లతో ఒకదాన్ని తాకితే అది ముడుచుకుంది, దాని పక్కవి కూడా ముడుచుకున్నాయి. కింద అన్నిటికీ కలిపి ఒకటే చర్మమని చెప్పాడు. నేను వింటూ నిలబడ్డాను. నాతో వచ్చినవాళ్లు ముందుకు పోయి మళ్లీ నా కోసం వెనక్కి రావలసి వచ్చింది. అంత రంగును నేను ఊహించుకోలేదు. మెడలో ఉన్నది వాటి చుట్టాల ఖాళీ ఇల్లు మాత్రమే, అసలు మనుషులు ఇలా ఉంటారన్నమాట అనుకున్నాను.

పగడాలు తెల్లబడ్డ యేడు గడిచి, మరుసటి పెత్తరమాసకు అమ్మమ్మ మళ్లీ వచ్చింది. కచ్చరం ఆగకముందే గొంతు లోపలికి వచ్చింది. కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చుని, నా వైపు కాకుండా నేరుగా వంటింటి వైపు తిరిగి పిలిచింది.

"బిడ్డా, జర గిటు రా."

చిన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు కూర్చుంది. అలవాటు ప్రకారం పసుపుతాడు పైకి తీసి, అమ్మ పగడాలు చూపించబోయింది. అమ్మమ్మ ఆ తాడును మెల్లగా పక్కకు జరిపింది.

"గవి గాదు. నీయి జూపెట్టు."

పుస్తెలతాడు చేతిలోకి తీసుకుని, చిన్నమ్మ పగడాలను ఒక్కొక్కటిగా వెలుతురుకు తిప్పి చూసింది. కళ్లు ఆనక ఇంకా దగ్గరికి తెచ్చుకుంది.

"జర పాలిపోయినట్టున్నయ్" అంది. "మంచిగ తింటలేవా ఏంది?"

"తింటున్న అమ్మా" అంది చిన్నమ్మ.